పెట్టె కొనే ముందు పెంపకందార్ల సంఘంలో చేరాలి

సంపాదకుడు గారికి నమస్కారాలు.

తేనెటీగలు తగ్గిపోతున్నాయన్న ఆందోళనతో ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసాలను, వాటిపై పాఠకులు రాసిన లేఖలను శ్రద్ధగా చదివాను. ఆ ఆందోళన నాకూ ఉంది. అయితే ఇంటికొక తేనెపెట్టె పెట్టుకుంటే ఈగలను కాపాడినట్టేనని పలువురు రాసిన మాటతో మాత్రం ఏకీభవించలేకపోతున్నాను. పెట్టె కొనడానికి ఒక పూట చాలు. అందులోని ప్రాణులను ఏడాది పొడవునా బతికించుకోవడం మాత్రం పుస్తకాలు తిరగేసో, వీడియోలు చూసో ఒంటరిగా పట్టుబడే విద్య కాదు. దగ్గరలో పెంపకందార్ల సంఘం ఉంటే ముందు అందులో చేరి, కనీసం ఒక పూల కాలమంతా మరొకరి పెట్టెల దగ్గర నిలబడి నేర్చుకున్నాకే సొంత పెట్టె సంగతి ఆలోచించాలని నా మనవి. ఈ మాట చెప్పే అర్హత నాకు నా పొరపాట్ల వల్లే వచ్చింది.

మొదటి పెట్టెను నేను ఎవరినీ సంప్రదించకుండానే కొన్నాను. తేనె ఎంత చేరిందో చూడాలన్న ఆత్రంతో రెండు మూడు రోజులకొకసారి మూత తీసేవాణ్ణి. ఈగలు తేనెపట్టు కట్టుకునే చట్రాలు పది పట్టే పెట్టెలో తొమ్మిదే అమర్చి, ఆ కాస్త ఖాళీతో ఏం పోయిందిలే అనుకున్నాను. కొన్ని వారాలకు మూత ఎత్తబోతే, ఆ ఖాళీలో అడ్డదిడ్డంగా కట్టుకున్న పట్టు మూతకు అంటుకుని విరిగి, తేనె, పిల్లపురుగులు ఒకే ముద్దగా అడుగుకు జారాయి. ఈగలు తమ రాకపోకలకు విడిచిపెట్టే సందు సుమారు 6 నుంచి 9 మిల్లీమీటర్లే. ఖాళీ అంతకన్నా ఎక్కువుంటే అక్కడ పట్టు కడతాయి, తక్కువుంటే చెట్ల జిగురుతో పూడ్చేస్తాయి. అమెరికాకు చెందిన లాంగ్‌స్ట్రాత్ అనే మతబోధకుడు 1851లో ఈ కొలత విలువను గ్రహించి, మరుసటి ఏడాది పేటెంటు పొందిన పెట్టె నమూనాయే నేటికీ విస్తారంగా వాడుకలో ఉంది. ఏ సంఘంలోనైనా మొదటి రోజే చెవిన పడే ఈ సంగతి తెలుసుకోవడానికి నేను ఒక పట్టును బలి పెట్టాను.

అంతకన్నా పెద్ద తప్పు ఆ తర్వాత జరిగింది. పెట్టె ముందు నేల మీద, రెక్కలు ముడుచుకుపోయి ఎగరలేని ఈగలు కొన్ని పాకుతూ కనిపించాయి. చలికి అలా అయి ఉంటాయని సరిపెట్టుకున్నాను. మరికొన్నాళ్లకు ద్వారం దగ్గర సందడి ఒక్కసారిగా పెరిగింది. పట్టు కోలుకుందని సంబరపడి ఇంట్లోవాళ్లనందరినీ పిలిచి మరీ చూపించాను. నాలుగో రోజుకు పెట్టె మూగబోయింది. తెరిచి చూస్తే ఒక్క చుక్క తేనె లేదు. గదుల మీది మైనపు మూతలు అంచులు చిరిగిపోయి, అడుగుపలక నిండా పొట్టులా రాలి ఉన్నాయి. చాలాకాలం తర్వాత సంఘంలో ఒక పెద్దాయనకు ఈ సంగతి చెబితే, ఈగలు ఎలా చచ్చిపోయాయని ఆయన అడగలేదు. “ఆ తేనె ఎవరు పట్టుకెళ్లారో తెలుసా బాబూ?” అని అడిగారు. నేను మురిసిపోయి చూసినవి నా ఈగలు కావు. నీరసించిన పట్టును దోచుకోవడానికి చుట్టుపక్కల పెట్టెల నుంచి వచ్చినవి. ముందు రెక్కలు ముడుచుకుపోయేలా చేసి, నా పట్టును లోలోపల తినేసిన వరోవా నల్లి (ఈగలను పట్టి పీల్చే చిన్న పరాన్నజీవి) ఆ దోపిడీ ఈగల ఒంటిని అంటిపెట్టుకుని వాటి ఇళ్లకు కూడా చేరి ఉంటుందని ఆయన నెమ్మదిగా వివరించారు.

ఇది నా ఒక్కడి గొడవ అయితే మీకు లేఖ రాసేవాణ్ణి కాదు. మేతకు వెళ్లే ఈగ సాధారణంగా 3 కిలోమీటర్ల మేర తిరుగుతుంది, మేత కరువైతే ఇంకా దూరం పోతుంది. ఆ పరిధిలో ఎవరి పెట్టెలోని జబ్బయినా అందరి జబ్బే. నల్లి సంగతి అలా ఉంచితే, పిల్లపురుగులను కుళ్లబెట్టే అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ వంటి వ్యాధిని కలిగించే బ్యాక్టీరియా బీజాలు పాత పట్టుల్లోనూ, వాడేసిన పెట్టెల్లోనూ దశాబ్దాల తరబడి చావకుండా ఉంటాయి. చవగ్గా వచ్చిందని పాత పెట్టె తెచ్చుకున్నవారు ఆ ముప్పును తామే మోసుకొచ్చి పొరుగువారికి పంచిపెట్టే అవకాశం ఉంది. కాబట్టి నా పెరడు, నా పెట్టె, నా ఇష్టం అన్న వాదన ఇక్కడ చెల్లదు.

సంఘంలో చేరాక నేను చూసిన మొదటి పని ఈ నల్లిని లెక్కించడమే. పిల్లలున్న చట్రం మీది నుంచి, రాణి లేదని రెండుసార్లు సరిచూసుకుని, దాదాపు 300 ఈగలను ఒక సీసాలోకి దులిపారు. జాలీ మూత బిగించి, మెత్తటి పంచదార పొడి చల్లి, సీసాను కాసేపు దొర్లించి తెల్లటి పళ్లెం మీద బోర్లించి ఆడించారు. పొడితో పాటు గుండుసూది తలంత ఎర్రటి చుక్కలు రాలాయి. చూస్తుండగానే అవి నడవసాగాయి. పిండి పూసుకున్నట్టు తెల్లబడ్డ ఈగలను తిరిగి పెట్టెలో వదిలితే, తోటి ఈగలు వాటిని నాకి శుభ్రం చేశాయి. ఈ పద్ధతి గురించి నేను అంతకుముందే చదివాను, కానీ పళ్లెంలో చుక్క కదలడం చూసే వరకు దాని అర్థం నాకు తలకెక్కలేదు. ఒంట్లో బాగా లేని పట్టు పైకి ఎంత ఆరోగ్యంగా కనబడుతుందో ఆ రోజే తెలిసింది.

తేనెటీగల విద్య ఒకరి కళ్లతో మరొకరు చూస్తేనే ఎదిగిందనడానికి జెనీవాకు చెందిన ఫ్రాన్స్వా హ్యూబర్ జీవితమే సాక్ష్యం. చూపు కోల్పోయిన ఆయన ప్రశ్నలు వేస్తుంటే, సహాయకుడు బర్నెన్స్ పెట్టెల్లోకి చూసి ఏం జరుగుతోందో చెప్పేవాడు. రాణి ఈగ పట్టు బయట, గాలిలో ఎగురుతూనే పోతుటీగలతో కలుస్తుందన్న నిర్ధారణతో సహా వారి పరిశీలనలు 1792లో అచ్చయ్యాయి. రెండు కళ్లూ ఉండి కూడా పెట్టె ముందు నేను గుడ్డివాడినే. చట్రాన్ని సూర్యుడికి వీపు పెట్టి ఏ వాలులో పట్టుకుంటే గది అడుగున నిలబడిన సన్నని గుడ్డు కనిపిస్తుందో, భుజం మీదుగా చెయ్యి చాపి మరొకరు చూపించాల్సి వచ్చింది. గుడ్డు నిలువుగా ఉందంటే రాణి ఈమధ్యే అక్కడ తిరిగిందని అర్థమట. కనుక రాణి కోసం పెట్టె అంతా గాలించనక్కరలేదు.

కుట్టించుకోవడం గురించి కూడా ఒక మాట. కుట్టినచోట వెలువడే వాసన (అది అరటిపండు వాసనలా ఉంటుంది) మిగతా ఈగలను అటు రప్పిస్తుంది. అందుకే ముల్లును క్షణాల్లో గీకి తీసేసి, అక్కడ పొగ కొట్టి, పక్కకు జరగాలి. కొందరికి ఒక్క కాటుకే ఊపిరాడని పరిస్థితి వస్తుంది. అటువంటి సమయంలో పక్కన మరో మనిషి ఉండటం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

పెట్టె లేనివారికి సంఘంలో పనేమిటని కొందరు అనుమానపడతారు. ప్రపంచంలో తేనెటీగల కోవకు చెందిన ఈగ జాతులు 20,000కు పైగా ఉంటే వాటిలో తేనె దాచేవి పిడికెడే. మిగిలినవి చాలావరకు నేలలోనో, పుల్లల బొరియల్లోనో ఒంటరిగా గూడు కట్టుకునేవి. పూలు అంతంతమాత్రంగా ఉన్నచోట పెట్టెలు పెంచుకుంటూ పోతే ఆ అడవి ఈగల నోటి దగ్గరి మేతను లాక్కున్నట్టే అవుతుంది. అలాంటిచోట పెట్టె పెట్టకుండా పూలు పెంచేవారే ఎక్కువ మేలు చేసినవారు. పూత మీద పురుగుమందు కొట్టవద్దని, కొట్టక తప్పకపోతే ఈగలు గూటికి చేరాక కొట్టమని ఇరుగుపొరుగుకు నచ్చజెప్పేవారు, చెట్టుకొమ్మకు వేలాడే గుంపును తగలబెట్టకముందే పట్టుకెళ్లమని కబురు చేసేవారు కూడా సంఘానికి కావాలి.

సంఘాలన్నీ సవ్యంగా ఉన్నాయని నేను అనడం లేదు. ఒకే ప్రశ్నకు ఇద్దరు పెంపకందార్లు మూడు జవాబులు చెబుతారు. కొన్నిచోట్ల పాతకాపులు తమలో తామే మాట్లాడుకుంటూ కొత్తవారిని పలకరించరు. పనివేళల్లో సమావేశాలు పెట్టి, యువకులు రావడం లేదని వాపోతారు. శిక్షణకు తగిన స్థలం లేక ఎవరో ఒక సభ్యుడి పెరటితోనే సరిపెట్టుకునే సంఘాలకు పురపాలక ఉద్యానవనాల్లో జనసంచారం లేని మూల కేటాయించడం స్థానిక సంస్థలకు భారమేమీ కాదు. పెట్టెలు అమ్మేవారు కూడా కొనుగోలుదారుకు దగ్గరి సంఘం చిరునామా చెప్పి పంపితే బాగుంటుంది.

మీ పత్రికకు నా విన్నపం చిన్నదే. తేనెటీగల మీద వ్యాసం వేసినప్పుడల్లా దాని కిందే ఆ ప్రాంతపు పెంపకందార్ల సంఘం ఎక్కడ, ఏ రోజున సమావేశమవుతుందో నాలుగు పంక్తులు వేయగలరు.

ఇట్లు,
మీ పాఠకుడు