దిల్‌సుఖ్‌నగర్‌కు సరైన ప్రశ్న పహల్గాంకు తప్పెలా అయింది?

సంపాదకులు గారికి నమస్కారం.

పహల్గాం ఉగ్రదాడికి జవాబుగా మన సైన్యం చేసిన ఆపరేషన్ సిందూర్ గురించి పార్లమెంటులో జరిగిన చర్చ మీద మీరు పక్కపక్కనే వేసిన రెండు వ్యాసాలు చదివాను. పహల్గాంలో దాడి ఎలా జరగనిచ్చారని అడగడం శత్రువుకు సాయం చేయడమేనని ఒకాయన తేల్చేశారు. జరిగిందంతా ఎన్నికల నాటకమని రెండో ఆయన కొట్టిపారేశారు. ఇద్దరూ బాగా చదువుకున్నవారే, కానీ ఇద్దరికీ మతిమరుపు ఎక్కువ. నేను ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది అని రాసుకోవడమే నా కొలువు. ఆ అలవాటు పోలేదు గనుక కొన్ని తారీఖులు గుర్తు చేస్తాను.

2013 ఫిబ్రవరి 21, గురువారం. రాత్రి ఏడు గంటలప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో 107 బస్టాపు దగ్గర ఒకటి, ఏ వన్ మిర్చి సెంటర్ దగ్గర ఒకటి, సైకిళ్ల మీద పెట్టిన బాంబులు పేలాయి. 18 మంది పోయారు. వంద మందికి పైగా గాయపడ్డారు. నేను అప్పుడు కోఠిలో డ్యూటీలో ఉన్నాను. మాకు తెలిసిన కండక్టర్ ఒకతను డ్యూటీ దిగి, ఇంటికి బజ్జీలు కట్టించుకుంటున్నాడట. అతని తొడలో దిగిన ముక్కల్లో ఒకటి డాక్టర్లు తీయలేదు, తీస్తే నరం దెబ్బతింటుందన్నారు. అది ఇప్పటికీ లోపలే ఉంది.

దాడులు జరగొచ్చని రెండు రోజుల ముందే రాష్ట్రాలకు చెప్పామని అప్పటి కేంద్ర హోంమంత్రి సుశీల్‌కుమార్ షిండే అన్నారు. అవి ఎప్పుడూ వచ్చే మామూలు హెచ్చరికలేనని మన ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి అన్నారు. (ఈయన ఇప్పుడు బీజేపీలో ఉన్నారు, అది వేరే ముచ్చట.) లోక్‌సభలో ప్రతిపక్ష నాయకురాలు సుష్మా స్వరాజ్ లేచి, ముందే తెలిసినప్పుడు ఎందుకు ఆపలేకపోయారని నిలదీశారు. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద నెత్తురు ఆరకముందే అడిగారు. అయినా సరైన ప్రశ్నే. ఆమెను దేశద్రోహి అన్నవాళ్లు నాకైతే కనబడలేదు.

అంతకు ముందు 2008 నవంబరు. ముంబయిలో దాడి 26న మొదలైంది. 28వ తేదీన, తాజ్ హోటల్లో కమాండోలు ఇంకా పోరాడుతుండగానే, ఢిల్లీ పత్రికల్లో బీజేపీ మొదటి పేజీ ప్రకటన వేసింది. ఇది బలహీన ప్రభుత్వం, చేతకాని ప్రభుత్వం, ఉగ్రవాదంతో పోరాడాలంటే మాకు ఓటేయండి అని దాని సారం. మర్నాడే ఢిల్లీ అసెంబ్లీకి పోలింగు. ఇలాంటప్పుడు రాజకీయమా అని కాంగ్రెస్‌వాళ్లు బాధపడిపోయారు. ఆ ప్రకటన వేసిన తీరు నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. కానీ ఒక్కటి ఒప్పుకోవాలి. ఆ ఒత్తిడికే 30వ తేదీన హోంమంత్రి శివరాజ్ పాటిల్ దిగిపోయారు, కొద్ది రోజులకే మహారాష్ట్ర ముఖ్యమంత్రి విలాస్‌రావ్ దేశ్‌ముఖ్ కూడా దిగిపోయారు. ఉగ్రవాద కేసులు చూసే జాతీయ దర్యాప్తు సంస్థ, అదే ఎన్ఐఏ, దాని చట్టం ఆ డిసెంబరులోనే వచ్చింది. తర్వాత మా దిల్‌సుఖ్‌నగర్ కేసులో నేరం రుజువు చేసింది ఆ ఎన్ఐఏయే. అంటే ప్రతిపక్షం అల్లరి చేయడం వల్ల దేశానికి మేలే జరిగింది.

ఇప్పుడు పహల్గాంకు వద్దాం. 2025 ఏప్రిల్ 22న బైసరన్ మైదానంలో 26 మందిని చంపారు. అందులో మన విశాఖపట్నం ఆయన ఉన్నారు, కావలి నుంచి వెళ్లి బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న ఆయన ఉన్నారు. మతం అడిగి మరీ కాల్చారు. ఆ నిజాన్ని దాచమని నేననను, దాచేవాళ్లంటే నాకు చిరాకు. కానీ అంతమంది టూరిస్టులు తిరిగే చోట ఒక్క జవాను ఎందుకు లేడు? జమ్మూకశ్మీర్‌లో పోలీసులు ముఖ్యమంత్రి చేతిలో ఉండరు, కేంద్రం నియమించిన లెఫ్టినెంట్ గవర్నర్ చేతిలో ఉంటారు. ఆ లెఫ్టినెంట్ గవర్నర్ మనోజ్ సిన్హాయే జులైలో ఒక ఇంటర్వ్యూలో, అది భద్రతా వైఫల్యమే, బాధ్యత నాదే అన్నారు. అన్నారు, అంతటితో సరి. పాటిల్ మాట అన్నాక కుర్చీ దిగారు. ఈయన మాట అని కుర్చీలోనే ఉన్నారు.

మే 7 తెల్లవారుజామున మన సైన్యం పాకిస్తాన్‌లో, ఆక్రమిత కశ్మీర్‌లో తొమ్మిది చోట్ల కొట్టింది. కొట్టాల్సిందే. 26/11 తర్వాత చేయనిది ఈసారి చేశారని మా కాలనీ పార్కులో నేనే నలుగురిలో అన్నాను. వెంటనే కాంగ్రెస్ బెంచీ మీది బ్యాంకు ఆఫీసరు గారు, "అన్న కూడా భక్తుడైపోయిండు" అన్నారు. మర్నాడు, మరి బైసరన్‌లో కాపలా ఎందుకు లేదని అడిగితే, అవతలి బెంచీ మీది టీచరు గారు, "ఏందన్నా, పాకిస్తాన్‌కు టికెట్ బుక్ చేయమంటవా?" అన్నారు. మా పార్కులో పొద్దున నడిచే బ్యాచ్ ఇప్పుడు రెండు ముక్కలు. ఒకరికొకరు గుడ్ మార్నింగ్ కూడా చెప్పుకోరు. రెండు బెంచీల మీదా కూర్చోగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను, అదీ ఎన్నాళ్లో తెలియదు.

ఢిల్లీలోనూ ఇదే లొల్లి, మైకులు పెట్టుకుని చేస్తారు, అంతే తేడా. జులై చర్చలో ప్రియాంకా గాంధీ చనిపోయినవారి పేర్లు ఒక్కొక్కటిగా చదువుతుంటే, ప్రతి పేరుకూ అధికార పక్షం నుంచి 'హిందూ' అని, ప్రతిపక్షం నుంచి 'భారతీయ' అని అరుపులు. చావు ఇంట్లో కూడా మనవాళ్లు పేరు పిలిచేటప్పుడు ఒక్క నిమిషం ఊరుకుంటారు. అక్కడ కూర్చున్నది మనం ఓట్లేసి పంపినవాళ్లు.

ప్రతిపక్షం ఏమన్నా తక్కువ తిన్నదా? పాటిల్ తర్వాత హోంమంత్రి అయి ఎన్ఐఏ తెచ్చిన పెద్దమనిషి, కాంగ్రెస్ నాయకుడు చిదంబరం గారే, ఆ ఉగ్రవాదులు పాకిస్తాన్ నుంచే వచ్చారని ఎందుకు అనుకోవాలి, ఆధారమేదని చర్చకు ముందు రోజుల్లో అన్నారు. ఆయన స్థాయి మనిషికి ఏ మాట ఎప్పుడు అనాలో తెలియదా? ఆ మాట పట్టుకుని అమిత్ షా గారు, మన బలగాలు చంపిన ముగ్గురు ఉగ్రవాదుల దగ్గర దొరికిన పాకిస్తానీ చాక్లెట్ల దాకా చెప్పి గంట సేపు వాయించారు. బైసరన్ కాపలా ఎక్కడ పోయిందన్న అసలు ప్రశ్న చాక్లెట్ల కింద పడి నలిగిపోయింది. ఇక కాంగ్రెస్ ఎంపీ శశి థరూర్ సంగతి. మన వాదన వినిపించడానికి ప్రభుత్వం విదేశాలకు పంపిన ఏడు అఖిలపక్ష బృందాల్లో ఒకదానికి ఆయన నాయకుడు. అమలాపురం ఎంపీ హరీశ్ బాలయోగి ఆయన వెంటే అమెరికా వెళ్లారు. పురందేశ్వరి ఇంకో బృందంలో, లావు శ్రీకృష్ణదేవరాయలు మరో దాంట్లో వెళ్లారు. థరూర్ అక్కడ దేశం తరఫున మాట్లాడితే, ఇక్కడ సొంత పార్టీ వాళ్లే బీజేపీ ప్రతినిధి అని వెక్కిరించారు. చర్చలో కాంగ్రెస్ తరఫున మాట్లాడినవాళ్లలో ఆయన లేరు. ప్రశ్నిస్తే పాకిస్తాన్ టికెట్ అనేవాళ్లకు, మెచ్చుకుంటే బీజేపీ ఏజెంటు అనేవాళ్లకు తేడా ఏముంది?

మన హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ గారి రాజకీయంతో నాకు సగానికి పైగా కుదరదు. కానీ ఈ విషయంలో ఆయనను చూసి నేర్చుకోవచ్చు. ఏప్రిల్‌లో వక్ఫ్ బిల్లు మీద ఈ ప్రభుత్వంతో హోరాహోరీగా పోట్లాడారు. మేలో అలాంటి బృందంతోనే సౌదీ, బహ్రెయిన్, కువైట్ వెళ్లి పాకిస్తాన్‌ను ఏకిపారేశారు. జులైలో మళ్లీ లోక్‌సభలో నిలబడి, పహల్గాంకు జవాబుదారీ ఎవరని అడిగారు. మూడూ ఒక్క మనిషే చేశారు, ఆకాశమేమీ ఊడిపడలేదు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 2006 ముంబయి రైలు పేలుళ్ల కేసులో 12 మంది ముస్లింలను బాంబే హైకోర్టు 2025 జులై 21న నిర్దోషులని వదిలేసింది. 2008 మాలేగావ్ పేలుడు కేసులో ఏడుగురు హిందువులను ప్రత్యేక కోర్టు జులై 31న వదిలేసింది. పది రోజుల తేడా. మొదటి తీర్పుకు గుండెలు బాదుకున్నవాళ్లు రెండో తీర్పుకు మిఠాయిలు పంచారు. మొదటి తీర్పును మెచ్చుకున్నవాళ్లు రెండో తీర్పును తిట్టారు. మన మక్కా మసీదు కూడా ఇంతే. 2007 మే 18న తొమ్మిది మందిని బాంబు చంపింది. పాతబస్తీ కుర్రాళ్లను పట్టుకుపోయి కొట్టారు, తర్వాత ప్రభుత్వమే వాళ్లకు పరిహారం ప్రకటించింది. ఎన్ఐఏ వేరేవాళ్లను నిలబెట్టింది, విచారణకు వచ్చిన ఐదుగురినీ 2018లో కోర్టు వదిలేసింది. ఒక పార్టీ కుర్రాళ్ల గురించే మాట్లాడుతుంది, ఇంకో పార్టీ ఆ ఐదుగురి గురించే మాట్లాడుతుంది. బాంబు పెట్టిందెవరని అడిగే పార్టీ ఒక్కటీ లేదు.

దిల్‌సుఖ్‌నగర్ కేసులో ఐదుగురి ఉరిశిక్షలను తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్ 8న ఖరారు చేసింది. పన్నెండేళ్లు పట్టింది. ఆ రోజు మా కండక్టర్‌కు ఫోన్ చేస్తే, "ఇంకా సుప్రీంకోర్టు ఉంది కదన్నా" అన్నాడు. సరిగ్గా రెండు వారాలకు పహల్గాం జరిగింది. ఆ రెండు వారాల్లో ఏ పార్టీ నాయకుడూ అతని ఇంటికి రాలేదు. గాయం తాలూకు సర్టిఫికెట్టు కోసం అతను ఆఫీసుల చుట్టూ తిరిగినప్పుడూ రాలేదు.

నేను అడిగేది కొత్తదేమీ కాదు. 1999లో కార్గిల్ యుద్ధం ముగిసిన మూడు రోజులకే వాజపేయి ప్రభుత్వం ఒక సమీక్షా కమిటీ వేసింది. ఎన్నికలు ముందున్నాయని వెనకాడలేదు. కె. సుబ్రహ్మణ్యం దానికి అధ్యక్షుడు. ఇప్పటి విదేశాంగ మంత్రి జైశంకర్ గారికి ఆయన స్వయానా తండ్రి. చొరబాటును ముందే ఎందుకు పసిగట్టలేకపోయామన్నది తేల్చి, కొన్ని రహస్య భాగాలు తీసేసి, 2000 ఫిబ్రవరిలో నివేదికను పార్లమెంటు ముందు పెట్టారు. దానితో సైన్యం పరువేమీ పోలేదు. పహల్గాం మీద, సిందూర్ మీద అలాంటి కమిటీ వేస్తారా అని జైరాం రమేశ్ అడిగారు. కాంగ్రెస్ ఆయన అడిగారు గనుక అది కాంగ్రెస్ మాటైపోయింది. నిజానికి అది వాజపేయి మాట. 26/11 మీద కాంగ్రెస్ కూడా దేశస్థాయిలో ఇలాంటి కమిటీ వేయలేదు. మహారాష్ట్ర వేసిన ప్రధాన్ కమిటీ ముంబయి పోలీసుల వరకే చూసింది. కాబట్టి కాంగ్రెస్ పెద్దలు కూడా కొంచెం గొంతు తగ్గించి అడిగితే బాగుంటుంది.

మా మల్కాజిగిరికి మొన్నటిదాకా ఎంపీగా ఉన్నాయన ఇవాళ కాంగ్రెస్ ముఖ్యమంత్రి. ఇప్పటి ఎంపీ బీజేపీ ఆయన. ఇద్దరికీ ఈ ఉత్తరం కాపీలు రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. బైసరన్ మీద కమిటీ వేయాలా వద్దా, వేస్తే నివేదిక సభలో పెట్టాలా వద్దా, ఈ రెండింటికే జవాబు అడిగాను. మీరు వేసిన వ్యాసాల రచయితలను కూడా ఇదే అడగండి. ఎవరి దగ్గర నుంచి జవాబు వచ్చినా మీకు పంపిస్తాను, ఉన్నది ఉన్నట్టు అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ కంట్రోలర్,
చైతన్యపురి, హైదరాబాద్
ఆగస్టు 2025