మర్రిమాను దగ్గరికి ఇద్దరూ, పరీక్షకు ఒక్కతేనా?

అనంతపురం,
ఆదివారం రాత్రి.

ప్రియమైన రమణా,

మొన్న ఫోనులో నువ్వు మాట మధ్యలో ఆపి “సరే, మళ్లీ మాట్లాడదాం” అని పెట్టేశావు. వెనక అమ్మ గొంతు వినిపించింది, అందుకే అడ్డుపడలేదు. మళ్లీ ఫోను చేద్దామని రెండుసార్లు అనుకుని మానుకున్నాను. ఫోనులో నువ్వు మాట మారుస్తావు, నేను మొహమాటపడి వదిలేస్తాను. ఉత్తరమైతే చివరిదాకా చదువుతావని నమ్మకం.

నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. పెళ్లై నాలుగేళ్లు నిండాయి. చెల్లెమ్మ సుజాత ఏడాదిన్నరగా మందులు వాడుతోంది. థైరాయిడ్ చూశారు, గుడ్ల నిల్వ ఎంతుందో తెలిపే ఏఎంహెచ్ చూశారు, ట్యూబులు మూసుకుపోయాయేమో అని ఎక్స్‌రే తీశారు, గుడ్డు ఎదుగుతోందో లేదో అని నెలనెలా స్కాన్లు చేశారు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. అమ్మేమో తిమ్మమ్మ మర్రిమానుకు వెళ్లి మొక్కుకుందామంటోంది. మీ మేనత్త ఇంకో సంబంధం మాట ఎత్తింది. ఇంత చెప్పినవాడివి, నీ పరీక్ష ఏమైందని అడిగితే “నాకేముంది, నేను బాగానే ఉన్నాను కదా” అన్నావు.

రమణా, ఆ మాట నేను రెండేళ్లు అన్నాను. నీకు ఇంతవరకు చెప్పని సంగతి ఇప్పుడు చెబుతాను.

మా ఆవిడ పద్మకు ట్యూబుల పరీక్ష చేసిన రోజు నేను బయట కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాను. గర్భాశయం ముఖద్వారం గుండా లోపలికి రంగుమందు ఎక్కించి, అది ట్యూబుల్లోంచి బయటికి పారుతోందా లేదా అని ఎక్స్‌రేలో చూస్తారు. కొందరికి మామూలు నెలసరి నొప్పిలా ఉంటుందట. పద్మ మాత్రం గోడ పట్టుకుని బయటికి వచ్చింది. ఆటోలో టవర్ క్లాక్ దాటేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ నెలలోనే మా బాబాయి కూతురి సీమంతం. పేరంటాళ్లందరి చేతా గంధం పూయిస్తూ వచ్చిన పెద్దావిడ పద్మ దగ్గరికి వచ్చేసరికి గిన్నె పక్కావిడకు అందించింది. ఎవరూ ఏమీ అనలేదు. పద్మ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను.

నా పరీక్ష అప్పటికి జరగనే లేదు. ముందే జరిగి ఉంటే ఆ ఎక్స్‌రే, ఆ ఏడాది పాటు మింగిన మాత్రలు, వాటిలో చాలావరకు ఆమెకు అవసరమే ఉండేవి కావు. నన్ను ఇప్పటికీ పట్టి పీడించేది అదే.

వీర్యపరీక్ష ఎంత తేలికో చెబితే నీకు కోపం వస్తుంది. సూది లేదు, నొప్పి లేదు. అంతకుముందు రెండు రోజులకు తక్కువ కాకుండా, ఏడు రోజులకు మించకుండా భార్యాభర్తలు దూరంగా ఉండాలి. ల్యాబ్‌లోనే ఒక గది ఇస్తారు, శుభ్రమైన డబ్బా ఇస్తారు. అంతే. ఇంట్లో తీసి పట్టుకెళ్లాల్సి వస్తే గంటలోపు చేర్చాలి, ఒంటి వేడి తగిలేలా ఉంచాలి, ఎండకూ చల్లదనానికీ గురి కానివ్వకూడదు. ఇవేవీ మొదటిసారి నాకెవరూ చెప్పలేదు. మే నెల మధ్యాహ్నం డబ్బాను బండి డిక్కీలో పెట్టుకుని వెళ్లాను, అక్కడ వరుసలో మరో గంట గడిచింది. కణాల్లో కదలిక లేదని కాగితం ఇచ్చారు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. తర్వాత చూసిన డాక్టరుగారు ఆ కాగితాన్ని పక్కన పెట్టి, ఒక్క పరీక్షతో ఎవరి గురించీ ఏమీ తేల్చకూడదని, కొంత వ్యవధితో రెండోసారి చేయించమని చెప్పారు. కొత్త కణం తయారుకావడానికి రెండున్నర నెలల దాకా పడుతుంది. అందుకే ఇవాళ్టి ఫలితం రెండు మూడు నెలల కిందటి జ్వరాన్నో వేడినో కూడా చూపిస్తుంది.

రెండోసారి సరిగ్గా చేసిన పరీక్షలో మిల్లీలీటరుకు 40 లక్షల కణాలు, 18 శాతం కదలిక వచ్చాయి. నలభై లక్షలంటే ఎంతో అనిపిస్తుంది కదా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన పుస్తకం ప్రకారం కింది హద్దు కోటీ 60 లక్షలు, కదలిక 42 శాతం. ఆ హద్దుకు దిగువన ఉన్నవాళ్లకు పిల్లలు పుట్టరని కాదు, అవకాశం తగ్గుతుందని అర్థం.

నీ మొండితనం వెనక ఉన్న భయం నాకు తెలుసు కాబట్టి ఇంకో మాట. వీర్యకణాల సంఖ్యకూ మగతనానికీ ముడి పెట్టుకోకు. కణాలు అసలే లేనివాడికీ కాపురంలో ఏ లోటూ ఉండకపోవచ్చు. ఒంటికి చూస్తే ఏమీ తెలియదు, లోపల ఏముందో సూక్ష్మదర్శిని కిందే తెలుస్తుంది. కాబట్టి “నేను బాగానే ఉన్నాను” అనే మాటకు ఈ విషయంలో విలువ లేదు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. అయినా మన ఊళ్లలో గొడ్రాలు అనే మాట ఒక్కటే పుట్టింది, అది ఆడదాని మీదే పడుతుంది.

నాకు దొరికిన కారణం వేరికోసిల్, అంటే వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం. కాళ్ల మీద నరాలు ఉబ్బుతాయి చూడు, అలాంటిదే. వృషణాలు ఒంటికన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలి, దేవుడు వాటిని బయట పెట్టింది అందుకే. నువ్వు సిమెంటు ఫ్యాక్టరీలో కిల్న్ అనే ఆ పెద్ద బట్టీ దగ్గర ఎనిమిది గంటలు నిలబడతావు, పైగా ఎర్రగుంట్ల ఎండలు. నీకూ అదే కారణమని నేను అనను, డాక్టరు అడిగితే మాత్రం ఆ సంగతి చెప్పు. ఖైనీ మానెయ్, అది కణాలకు చేటని గట్టిగా చెప్పారు. మందుల షాపులో బలానికని ఎవరైనా టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ ఇస్తానంటే దగ్గరికి కూడా రానివ్వకు. బయటినుంచి ఆ హార్మోను ఎక్కిస్తే ఒంట్లో కణాల తయారీ ఆగిపోతుంది. కండల కోసం వేసుకునే మీ తమ్ముడికి కూడా చెప్పు.

నాకు చిన్న ఆపరేషన్ చేశారు. ఆరు నెలల తర్వాత సంఖ్య 90 లక్షలకు చేరి అక్కడే ఆగింది. అప్పుడు ఇక్సీ చేద్దామన్నారు. ఆడవాళ్లకు పది పన్నెండు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి ఎక్కువ గుడ్లు ఎదిగేలా చేస్తారు, మత్తు ఇచ్చి వాటిని బయటికి తీస్తారు, ఒక్కో గుడ్డులోకి ఒక్కో కణాన్ని సన్నని సూదితో పంపుతారు. 1992 నుంచి ఉన్న పద్ధతి ఇది. మూడు నుంచి ఐదు రోజులు పెరిగిన పిండాన్ని గర్భాశయంలో పెడతారు. రెండు వారాలకు రక్తపరీక్ష. ఆ రెండు వారాలు ఎలా గడుస్తాయో రాయడం నా వల్ల కాదు. మొదటిసారి నిలవలేదు. నాలుగు నెలల తర్వాత, దాచి ఉంచిన పిండంతో మళ్లీ ప్రయత్నించాం. అప్పుడు నిలిచింది. మందులతో కలిపి రెండు లక్షలు దాటింది, బ్యాంకులో పద్మ గాజులు ఇంకా విడిపించలేదు. నీకూ ఇలాగే అవుతుందని చెప్పడానికి ఇది రాయడం లేదు. నీకు మాత్రలతోనే సరిపోవచ్చు, కణాలను నేరుగా గర్భాశయంలోకి పంపే ఐయూఐ చాలనవచ్చు, అసలు నీలో ఏ లోపమూ లేదని తేలవచ్చు. ఏదైనా తెలిస్తేనే కదా దారి తెలిసేది. సుజాతకు ముప్పై మూడు. ముప్పై అయిదు దాటితే గుడ్ల సంఖ్యా నాణ్యతా త్వరగా తగ్గుతాయి, ఆ వయసువాళ్లు ఆరు నెలలు చూసి డాక్టరును కలవాలంటారు. మిగతావాళ్లకే ఏడాది గడువు. మీరు నాలుగేళ్లు ఆగారు.

అమ్మ టెస్ట్‌ట్యూబ్ బేబీ అనగానే ముఖం తిప్పుకుందన్నావు. ఆమెకు దుర్గ కథ చెప్పు. ఇంగ్లండులో 1978 జూలై 25న ప్రపంచంలోనే మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీస్ బ్రౌన్ పుట్టింది. అదే ఏడాది అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ చేతి చలవతో మన దేశంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ దుర్గ పుట్టింది. దసరా రోజులు కాబట్టి ఆ పేరు. ఆయన మాట అప్పటి అధికారులు నమ్మలేదు, అవమానించారు. 1981లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆయన రాతలు చదివిన శాస్త్రవేత్త టి.సి. ఆనంద్‌కుమార్ ఆ ఘనత ఆయనదేనని లోకానికి చెప్పారు. ఆ పాప పెరిగి పెద్దదై అందరిలాగే బతుకుతోంది. ఈ కథ చెప్పాక మా అమ్మ మళ్లీ నోరెత్తలేదు.

ఎక్కడ చూపించుకున్నా ఒకటి చూసుకో. 2021 చట్టం వచ్చాక ఈ వైద్యం చేసే ప్రతి కేంద్రానికీ రిజిస్ట్రేషన్ ఉండాలి, భార్యాభర్తలిద్దరి సంతకంతో రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. రిజిస్ట్రేషన్ పత్రం అడిగితే చూపించనివాళ్ల దగ్గర, నూటికి నూరు పాళ్లు గ్యారంటీ అనేవాళ్ల దగ్గర, మగపిల్లాడు కావాలా అని గొంతు తగ్గించి అడిగేవాళ్ల దగ్గర కూర్చోకు, లేచి వచ్చెయ్.

ఇక మర్రిమాను. వెళ్లండి, నేను వద్దనను. మేమూ వెళ్లాం. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన మాను అది, ఐదెకరాల నీడ. ఆ ఊడల మధ్య నిలబడినప్పుడు నా మనసుకు ఎంతో నెమ్మది కలిగింది. సంతానం లేని జంట అక్కడ మొక్కుకుంటే ఏడాది తిరిగేసరికి బిడ్డ పుడుతుందని కదా నమ్మకం. జంట అన్నారు, చూశావా? సుజాతను ఒక్కదాన్నే బస్సెక్కించి పంపమని అమ్మ కూడా అనదు. మరి ఆసుపత్రికి ఏడాదిన్నరగా ఆమె ఒక్కతే ఎందుకు వెళ్తోంది?

మీ మేనత్తకు ఏం చెప్పాలో నీకు తెలుసు. ఆ మాట సుజాత చెవిన పడకముందే చెప్పు. పడి ఉంటే, ఈ రాత్రే ఆమెతో కూర్చుని మాట్లాడు.

వచ్చే శనివారం నీకు సెలవు పెట్టుకో. శుక్రవారం సాయంత్రం ప్రొద్దుటూరులో బస్సెక్కితే తాడిపత్రి మీదుగా రాత్రి భోజనానికి ఇద్దరూ మా ఇంట్లో ఉంటారు. పరీక్షకు ముందు దూరంగా ఉండాలన్నానే, బుధవారం నుంచి ఆ సంగతి గుర్తుంచుకో, ఇద్దరికీ తెలిసేలా సుజాతకు కూడా చెప్పు. శనివారం పొద్దున నేను తోడు వస్తాను, నాకు పరీక్ష చేసిన రెండో ల్యాబ్‌కే వెళ్దాం. వచ్చేసరికి పద్మ ఉగ్గాని, బజ్జీలు చేసి ఉంచుతానంది. సుజాత రిపోర్టులు, స్కాన్ ఫిల్ములు తేదీల వరుసలో ఒక్క ఫైలులో పెట్టి తీసుకురా, పాత మందుల చీటీలు కూడా వదలకు. బస్సులో ఆ ఫైలు నువ్వు పట్టుకో.

నీ
ఈశ్వర్