పదిహేను రోజులు మా బిడ్డను చూసుకునే చోటు కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

మాది తాడేపల్లిగూడెం. మా ఆయన ఉల్లిపాయల మార్కెట్‌లో గుమస్తా. నేను ఇంటి దగ్గర బ్లౌజులు కుడతాను. మా అబ్బాయికి 14 ఏళ్లు, సెరిబ్రల్ పాల్సీ ఉంది, అంటే మెదడు దెబ్బతినడం వల్ల కాళ్లూ చేతులూ వాడి అదుపులో ఉండవు. నడవలేడు, మాట రాదు, మనం చెప్పేదంతా అర్థమవుతుంది. బరువు 34 కిలోలు. స్నానానికి, బాత్రూమ్‌కి, మంచం మీదికి పగలంతా ఎత్తి దించేది నేనే. నాకు బొడ్డు దగ్గర హెర్నియా వచ్చింది. ఆపరేషన్ చేయించుకోవాలి, ఆ తర్వాత ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు అన్నారు డాక్టరు గారు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంది కాబట్టి డబ్బు కోసం ఆగలేదు. నేను మంచం మీద ఉంటే వాణ్ణి ఎవరు చూస్తారన్నది తేలక వాయిదా వేస్తూ వస్తున్నాను.

మా ఆయన రాత్రిపూట చూసుకుంటారు, కానీ పగలు మార్కెట్‌కు వెళ్లకపోతే ఇల్లు గడవదు. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. నాకు ఒంట్లో బాగోని ప్రతిసారీ దాని కాలేజీయే పోతోంది. అక్కగా తమ్ముణ్ణి ప్రాణంగా చూసుకుంటుంది, నిజమే. అలాగని దాని చదువు ఆపమని ఏ నోటితో చెప్పను? మా నాన్న టెక్కలిలో చనిపోతే వెళ్లి ముఖం చూసి ఆ రాత్రికే తిరిగొచ్చేశాను. పెద్దకర్మకు వెళ్లలేకపోయాను. ఇలాంటి పిల్లలున్న ఏ ఇంట్లో అడిగినా ఇలాంటివే చెబుతారు.

పిల్లల్ని ఉంచుకునే చోట్ల గురించి వాకబు చేశాను. ఒకచోట ఉంచుకుంటే పూర్తిగా ఉంచుకుంటాం, కొద్దిరోజులకు కుదరదన్నారు. ఇంకోచోట, మా వాడిలా ఫిట్స్ వచ్చే పిల్లల్ని తీసుకోలేమన్నారు. బంధువులు కూడా “హాస్టల్లో వేసేయొచ్చు కదా” అంటుంటారు. నా బిడ్డను వదిలించుకోవాలని నేను తిరగడం లేదు. కుట్లు మానేదాకా, కనీసం పదిహేను రోజులు జాగ్రత్తగా చూసి మళ్లీ నాకు అప్పగించే చోటు కావాలి. ఇప్పుడైతే వాణ్ణి జన్మంతా నేనొక్కదాన్నే చూసుకోవాలి, లేదంటే ఎప్పటికీ పంపించేయాలి. ఈ రెండింటికీ మధ్య మాకు దారి చూపించినవాళ్లు లేరు.

ఇలా కొన్నాళ్లు చూసుకుని మళ్లీ అప్పగించడాన్నే రెస్పైట్ కేర్ అంటారని, ఇలాంటి పిల్లల కోసం నడిచే మా భవిత కేంద్రం టీచరు గారు చెప్పారు. వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందం 28వ అధికరణంలో, పేద కుటుంబాలకు ప్రభుత్వం ఈ సాయం అందేలా చూడాలని రాసి ఉంది. మన దేశం 2007లోనే దాన్ని ఆమోదించింది. 1999 చట్టంతో ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థకు ‘సమర్థ్’ అనే పథకం ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారిలో అనాథలకు, పేదలకు, కష్టకాలంలో ఉన్న కుటుంబాలవారికి ఆశ్రయం ఇవ్వడం కోసమే దాన్ని పెట్టారు. అలాంటి చోటు మాకు దగ్గర్లో ఎక్కడుందో నేను అడిగినవాళ్లలో ఒక్కరూ చెప్పలేకపోయారు.

పింఛను విషయంలో ప్రభుత్వానికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెబుతున్నాను. 2024లో 3,000 నుంచి 6,000 చేశారు. మందులకు, డైపర్లకు చాలా ఆసరా అయింది. అయితే ఆ డబ్బు మొత్తం ఇస్తామన్నా మా వాణ్ణి చూసుకోవడానికి మనిషి దొరకడం లేదు. ముసలివాళ్లను చూసుకునే ఆయాలు ఊళ్లో ఉన్నారు. ఫిట్స్ అనగానే భయపడి రామంటున్నారు.

వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ ఇది నేర్పితే వచ్చే పనే. అన్నం మెత్తగా పిసికి, కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా పెట్టాలి. తినగానే పడుకోబెట్టకూడదు. ఒకే పక్కన ఎక్కువసేపు ఉంచితే పుండ్లు పడతాయి, తిప్పుతుండాలి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి టైమ్ చూసుకోవాలి. చేతిలో తాళంచెవులు పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం చేయకూడదు. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏ మందు ఏ వేళకు వేయాలో తల్లి కాగితం మీద రాసిస్తుంది. నేనేం పుట్టుకతో నేర్చుకుని రాలేదు, ఫిజియోథెరపీ వాళ్ల దగ్గర అడిగి అడిగి తెలుసుకున్నాను. ఇలా చూసుకునేవారికి శిక్షణ ఇవ్వడానికి నేషనల్ ట్రస్ట్‌లోనే ‘సహయోగి’ అని ఒక పథకం ఉంది. డ్వాక్రా సంఘాల్లో పని కోసం చూస్తున్న ఆడవాళ్లు ఎంతమంది లేరు? వాళ్లకు నేర్పించి, సరైన జీతం ఇవ్వండి. కేరళలో కుటుంబశ్రీ మహిళా సంఘాలు, పంచాయతీలు కలిసి ఇలాంటి పిల్లల కోసం ‘బడ్స్’ స్కూళ్లు నడుపుతున్నాయి. అవి పగటిపూటవే అయినా, సంఘాల ఆడవాళ్లు ఈ పని చేయగలరని చూపించాయి కదా.

చోటు కోసం కొత్త భవనాలు కట్టేదాకా ఆగక్కర్లేదు. ఈ పిల్లల కోసమే నడుస్తున్న భవిత కేంద్రాలు ఉన్నాయి. బడి వేళ అయ్యాక మూసేస్తారు. నియోజకవర్గానికి ఒక కేంద్రంలోనైనా నాలుగు మంచాలు, రాత్రి ఉండే ఇద్దరు శిక్షణ పొందిన మనుషులు, పిలిస్తే వచ్చే ఏఎన్ఎం ఉంటే చాలు. తల్లికి ఆపరేషన్ అయినా, ఇంట్లో చావు అయినా, పెళ్లి అయినా పదో పదిహేనో రోజులు బిడ్డ అక్కడ ఉంటాడు. అందరికీ పిల్లల్ని బయట ఉంచాలని ఉండదు. అలాంటివారికి ఆ మనిషే రోజుకు కొన్ని గంటలు ఇంటికి వస్తే సరిపోతుంది.

“మీ తర్వాత వీడికి ఎవరు?” అని అడుగుతారు అందరూ. ఆ దిగులు మాకూ ఉంది. కానీ మేము బతికుండగానే, ఈ నెలలోనే, మాకు మనిషి సాయం కావాలి.

ఆ 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాకో స్థానిక కమిటీ ఉంటుంది, దానికి పెద్ద కలెక్టరు గారే. తమ వైద్యం వాయిదా వేసుకుంటున్న తల్లులు ఎందరున్నారో ముందు ఆ కమిటీ లెక్క తీయించాలని కోరుతున్నాను. వచ్చే సోమవారం భీమవరం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తున్నాం. మా భవిత కేంద్రానికి పిల్లల్ని తీసుకొచ్చే మిగతా తల్లులు కూడా సంతకాలు పెట్టారు.

– ఒక తల్లి, తాడేపల్లిగూడెం, పశ్చిమ గోదావరి జిల్లా