దస్తావేజులో రాయని ధర

సంపాదకులు గారికి నమస్కారం.

ఆదివారం మీ పత్రిక జిల్లా పేజీల్లో వచ్చే ఇళ్లు, స్థలాల ప్రకటనలను మూడేళ్లుగా నేనూ నా భార్యా వార్తలకన్నా ముందు చదువుతున్నాం. నేను నెల్లూరులో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. ఆమె ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. ఇద్దరి జీతం కలిపి నెలకు 68 వేల రూపాయలు. ప్రతి రూపాయీ బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. నాకు 32 ఏళ్లు, ఆమెకు 29. మా వయసువాళ్లు ఇల్లు కొనలేకపోతున్నారనే మాట వస్తే, ఫోన్లకూ బిర్యానీలకూ తగలేస్తున్నారని పెద్దలు, ధరలు మండిపోతున్నాయని మేము చెప్పుకోవడం మామూలైపోయింది. ధరలు మండుతున్న మాట నిజమే కానీ, జీతం మీద బతికేవాళ్లకు అంతకన్నా పెద్ద అడ్డు ఇంకొకటి ఉందని, దాని గురించి పైకి మాట్లాడేవారు తక్కువని అనుభవం మీద తెలుసుకున్నాను. దస్తావేజులో రాసే ధరకూ, నిజంగా చెల్లించే ధరకూ మధ్య ఉన్న తేడాయే ఆ అడ్డు.

గత వేసవిలో పొదలకూరు రోడ్డు వైపు రెండు పడకగదుల పాత ఫ్లాటు చూడటానికి వెళ్లాం. యజమాని పదవీ విరమణ చేసిన పెద్దమనిషి. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి, వంటింటి కిటికీలోంచి సాయంత్రం గాలి ఎలా వస్తుందో, మంచినీళ్లు ఏ వేళకు వదులుతారో ఓపిగ్గా చెప్పారు. ధర 45 లక్షలన్నారు. మాకు నచ్చింది. అప్పుడు మధ్యవర్తి జేబులోంచి పాత కరెంటు బిల్లు తీసి, దాని వెనకవైపు 27 అని, దాని కింద 18 అని రాసి, మధ్యలో ఒక గీత గీశాడు. పై అంకె డాక్యుమెంటుకట, కింది అంకె చేతికట, అంటే నగదుగా. మేము బ్యాంకు రుణంతో కొనేవాళ్లమని చెబితే, "అందురూ ఇట్నే చేస్తా ఉండారు సార్" అని నవ్వాడు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి లెక్క వేసుకున్నాం. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల లోపు గృహరుణమైతే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య రుణమైతే 80 శాతం దాకా బ్యాంకు ఇవ్వవచ్చు. దస్తావేజు 27 లక్షలకు రాస్తే మాకు వచ్చే రుణం మహా అయితే 24.30 లక్షలు. మిగతా 2.70 లక్షలు (మార్జిన్) మేము పెట్టుకోవాలి. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం చొప్పున మరో 2 లక్షలు, ఆపైన చేతికివ్వాల్సిన 18 లక్షలు కలిపితే, మేము సొంతంగా తేవాల్సింది 22.70 లక్షల పైమాటే. అదే దస్తావేజు 45 లక్షలకూ రాస్తే 36 లక్షలు రుణం వస్తుంది. 9 లక్షల మార్జిన్, 3.37 లక్షల రిజిస్ట్రేషన్ ఖర్చు కలిపి 12.37 లక్షలుంటే సరిపోతుంది. ఇల్లు అదే, ధర అదే. ఉన్న ధర ఉన్నట్టు రాసుకుంటే రిజిస్ట్రేషన్‌కు లక్షా ముప్పై అయిదు వేలు ఎక్కువవుతాయి కానీ, ముందుగా కూడబెట్టాల్సిన సొమ్ము పది లక్షలకు పైగా తగ్గుతుంది. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల మీద నెలవాయిదా దాదాపు 21 వేల నుంచి 31 వేలకు పెరిగే మాట వాస్తవమే. ఆ భారం కష్టపడి మోయగలం. మా అమ్మ గాజులు, మా అత్తగారి గొలుసు కుదువపెట్టినా 18 లక్షలు నగదు రూపంలో మాత్రం తేలేం. నగదు చేతిలో ఆడే వ్యాపారికి అదే ఫ్లాటు సులువుగా దక్కుతుంది. ఆదాయమంతా లెక్కల్లో చూపే జీతగాడు గుమ్మం దగ్గరే ఆగిపోతాడు.

స్థిరాస్తి అమ్మకంలో 20 వేల రూపాయలు గానీ అంతకుమించి గానీ నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 జూన్ 1 నుంచే నిషేధించింది. తీసుకున్నంత మొత్తాన్నీ జరిమానాగా వేసే వీలు కూడా అందులో ఉంది. అయినా ఆ పెద్దమనిషిని దోషిగా నిలబెట్టాలని నాకు లేదు. ఆయన కొన్ననాడూ సగం ధరే దస్తావేజులో రాసి మిగతాది నగదుగా ఇచ్చారట. ఇప్పుడు పూర్తి ధర రాస్తే ఆనాడు ఇచ్చిన నగదు కూడా లాభంగానే కనిపించి, దాని మీదా పన్ను పడుతుంది. ఆయనకు అమ్మినవాడికీ అదే బాధ ఉండి ఉంటుంది. ఈ గొలుసులో చివర వచ్చి చేరినవాళ్లం మేము.

ప్రభుత్వ పథకాలు కూడా తెలిసో తెలియకో ఈ అలవాటుకే వత్తాసు పలుకుతున్నాయి. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో దశలో, ఏటా 9 లక్షల లోపు ఆదాయం ఉండి సొంత పక్కా ఇల్లు లేని కుటుంబానికి గృహరుణంపై 1.80 లక్షల దాకా వడ్డీ రాయితీ ఉంది. మా ఆదాయం ఆ పరిధిలోనిదే. అయితే ఇంటి విలువ 35 లక్షలు, రుణం 25 లక్షలు దాటకూడదు. అంటే ఆ ఫ్లాటును 45 లక్షలకు నిజాయితీగా రాయించుకుంటే రాయితీ పోతుంది. 27 లక్షలకు రాయించుకుంటే కాగితం మీద మేము అర్హులం. ఇక సొంతంగా ఉండే ఇంటి రుణ వడ్డీపై ఆదాయపు పన్ను మినహాయింపు పరిమితి 2014లో పెట్టిన 2 లక్షల దగ్గరే ఉంది. కొత్త పన్ను విధానంలో అదీ లేదు.

ఫ్లాటు మాట వదిలి స్థలం చూసుకోమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. మన నెల్లూరులో స్థలాన్ని అంకణాల్లో అమ్ముతారని పాఠకులకు తెలిసిందే: అంకణమంటే ఇక్కడ 72 చదరపు అడుగులు, అంటే ఎనిమిది గజాలు. (తిరుపతి వెళితే అదే పేరుకు 36 అడుగులే!) మైపాడు రోడ్డు పక్కన ఒక లేఅవుటు చూశాం. సిమెంటు ఆర్చీ, రంగు వేసిన సరిహద్దు రాళ్లు, తీగ లేని దీపస్తంభాలు, రాళ్ల మధ్య మనిషెత్తు కంపచెట్లు. స్థలాలన్నీ అమ్ముడైపోయి ఏళ్లయిందట, ఒక్క ఇల్లూ లేవలేదు. రామాయపట్నం ఓడరేవు పేరో, దగదర్తి విమానాశ్రయం పేరో చెప్పి అమ్మిన చోట్ల కొన్నవారిలో ఉండటానికి కొన్నవారు ఎందరో ఊహించవచ్చు. అక్కడా రెండు ధరల వ్యవహారమే. పైగా ఖాళీ స్థలాల పన్నును కూడా రిజిస్ట్రేషన్ విలువ (ప్రభుత్వం నిర్ణయించే ధర) మీదే లెక్కిస్తారు కాబట్టి, ఆ విలువ తక్కువగా ఉన్నంతకాలం స్థలాన్ని కంపకు వదిలేసి కూర్చోవడం యజమానికి పెద్ద బరువు కాదు.

రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ విలువలను 2025 ఫిబ్రవరి 1 నుంచి సవరించారు. ఆ విలువలను నిజమైన ధరలకు ఇంకా దగ్గరగా తేవాలని నేను కోరితే తోటి పాఠకులకు కోపం రావచ్చు. విలువ పెంచి, 7.5 శాతాన్ని అలాగే ఉంచితే అది మామూలు బాదుడే అవుతుంది. విలువ పెంచిన మేరకు శాతం తగ్గించాలని, కనీసం మొదటి ఇల్లు కొనేవారికైనా తగ్గించాలని నా మనవి. ఇదేమీ జరగని పని కాదు. మహారాష్ట్ర 2020 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా స్టాంపు డ్యూటీని 5 నుంచి 2 శాతానికి దించింది. ఢిల్లీలో స్త్రీల పేరిట రిజిస్టరు చేస్తే డ్యూటీ తక్కువ. ఆవాస్ యోజనలో 35 లక్షల పరిమితిని కూడా మన ఊళ్ల ధరలు చూసి మార్చాలని జిల్లా పార్లమెంటు సభ్యులు అడగాలి.

మేము ఇప్పటికి ఆరు ఇళ్లు చూశాం. పూర్తి ధరకు దస్తావేజు రాస్తానని ఒప్పుకున్నవారు ఒక్కరే, వేదాయపాళెంలో. అలా రాసినందుకు పన్ను కింద తనకు తగిలే మొత్తం మమ్మల్నే భరించమని, ధర మీద మూడు లక్షలు అదనంగా అడిగారు. వచ్చే ఆదివారం వెళ్లి, ఆ మూడింటిని రెండు చేయమని అడగాలనుకుంటున్నాం.

ఇట్లు,
ఒక ప్రైవేటు కళాశాల అధ్యాపకుడు,
నెల్లూరు.