పదహారేళ్ల ఉద్యోగం వదిలినప్పుడు నా వెంట నిలబడ్డవాళ్లకు

రాయగడలోని నా వాళ్లందరికీ, పార్వతీపురం నుంచి రోజూ ఫోన్ చేసి ధైర్యం చెప్పినవాళ్లకీ నమస్కారాలు. మొన్న ఐదో తారీఖున నా మొదటి కాంట్రాక్టు డబ్బులు అకౌంట్‌లో పడ్డాయి. మెసేజ్ చూసి మా ఆవిడ దేవుడి దగ్గర దీపం పెట్టింది. నేను ఇది రాయడానికి కూర్చున్నాను.

నాకు రెండేళ్లప్పుడు పోలియో వచ్చింది. ఎడమ కాలికి క్యాలిపర్ (కాలు నిలబెట్టే పట్టీ) వేసుకునే చదువుకున్నాను, ఒక ఫ్యాక్టరీ అకౌంట్స్ సెక్షన్‌లో పదహారేళ్లు పర్మినెంట్‌గా పనిచేశాను. నలభై దాటాక రెండో కాలు కూడా బలం తగ్గడం మొదలైంది. పోలియో వచ్చిన ఎన్నో ఏళ్లకు కొందరిలో కండరాలు మళ్లీ నీరసపడతాయని, అలసిపోయేదాకా శ్రమ పెట్టకూడదని డాక్టర్ గారు చెప్పారు. మా సెక్షనేమో మేడ మీద. కింద ఎక్కడైనా కుర్చీ వేయమని రెండుసార్లు అర్జీ పెట్టాను, జవాబు రాలేదు. సర్వీసులో వైకల్యం వస్తే ఉద్యోగం తీసేయకుండా అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలని 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది గానీ, అది ప్రభుత్వ సంస్థలకు. మాది ప్రైవేటు.

రాజీనామా అన్న మాట ఇంట్లో ఎత్తడానికే ఆరు నెలలు పట్టింది. "ఈ కాళ్లతో నీకు ఇంకెవరు పనిస్తారురా" అని అమ్మ ఏడ్చింది. ఆవిడ భయంలో తప్పేమీ లేదు.

అప్పుడు మా వీధి చివరి బాబాయి గారు వచ్చారు. సొంత బాబాయి కాదు, యూనియన్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఉండమనీ అనలేదు, మానేయమనీ అనలేదు. "భయం సంగతి తర్వాత చూద్దాం, ముందు కాగితాలు తియ్యి" అన్నారు. మూడు ఆదివారాలు నా పక్కన కూర్చున్నారు. ఉద్యోగం మానేటప్పుడు సర్వీసుకు ఇచ్చే గ్రాట్యుటీ కోసం ఆఫీసువాళ్లు వేసిన లెక్కలో నా బేసిక్ జీతం 18,200ను 30తో భాగించారు. చట్టం ప్రకారం నెలకు 26 రోజులే లెక్క. ఆ లెక్కన ఏడాదికి పదిహేను రోజుల జీతం 10,500, పదహారేళ్లకు 1,68,000. వాళ్ల కాగితంలో ఉన్నది 1,45,600. నేను అకౌంట్స్ మనిషినే, కానీ ఆ టెన్షన్‌లో నా కాగితం నేను సరిగ్గా చదవలేదు. బాబాయి గారు దగ్గరుండి ఉత్తరం రాయించారు. నెల తిరక్కుండా మిగతా 22,400 వచ్చింది.

పీఎఫ్ పెన్షన్ సంగతీ ఆయనే చూశారు. పదేళ్ల సర్వీసు దాటింది కాబట్టి 58 ఏళ్లకు పెన్షన్ వస్తుందని, ఆ సర్వీసుకు రుజువుగా ఇచ్చే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని జాగ్రత్త చేసుకోమని చెప్పారు. ఆ ఒక్క మాటతో అమ్మ ఏడుపు ఆగింది.

మా వదినకు వేరే దణ్ణం. ఉద్యోగంతో పాటే ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ కూడా పోతుందని గుర్తు చేసి, నేను రాజీనామా ఇవ్వకముందే ఇంటిల్లిపాదికీ పాలసీ తీయించింది. తమ్ముడు యూడీఐడీ కార్డుకు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డుకు, అప్లై చేసి, మెడికల్ బోర్డుకు నన్ను తీసుకెళ్లాడు. ఆ రోజు ఆటో అబ్బాయి మూడు గంటలు బయటే కాచుకుని, వెయిటింగ్‌కు రూపాయి కూడా తీసుకోలేదు.

ఇక బియ్యం హోల్‌సేల్ అన్నయ్య. "నువ్వు షాపుకి రానక్కర్లేదు, బిల్లులు కుర్రాడితో పంపిస్తాను, ఇంట్లోనే కూర్చుని లెక్కలు రాయి" అన్నారు. నేను మొహమాటపడుతుంటే, ప్రతి నెలా ఐదో తారీఖుకు డబ్బు, ఎవరు మానుకోవాలన్నా నెల ముందు చెప్పాలి అని ఆయనే కాగితం మీద రాయించి సంతకం చేశారు. ఆయన మాట మీద ఇంకో రెండు షాపులు వచ్చాయి. బిల్లులు ఒడియాలో కొన్ని, తెలుగులో కొన్ని, హిందీలో కొన్ని. 11న ఒక జీఎస్టీ రిటర్ను, 20న ఇంకొకటి. ఆ రోజులు తప్ప, మధ్యాహ్నం ఒక గంట కాళ్లు చాపుకుని పడుకోగలుగుతున్నాను. పదహారేళ్లలో ఆ గంట నాకు ఎప్పుడూ దొరకలేదు. రాబడి పాత జీతం కంటే మూడో వంతు తక్కువే, బోనస్ లేదు, సెలవు పెడితే డబ్బు రాదు. ఇదంతా ముందే లెక్క వేసుకున్నాం కాబట్టి రాత్రిళ్లు నిద్ర పడుతోంది.

బాబాయి గారూ, మీ ఇంటి మెట్లు నేను ఎక్కలేనని మూడు ఆదివారాలూ మీరే మా ఇంటికి నడిచి వచ్చారు. ఈ ఆదివారం కాగితాలేమీ లేవు. మా ఆవిడ పనసపొట్టు కూర చేస్తోంది, పిన్ని గారిని తీసుకుని భోజనానికి రండి.