పేరు వద్దన్న మిత్రునికి కృతజ్ఞతలు

ప్రతిరోజూ కొంత చరిత్ర, కొన్ని వింతలు, కాస్త హాస్యం, నా సొంత ఊసులు కలిపి నేను రాసే శీర్షికను వెలువడకముందే చదివి, తేదీలు సరిచూసి, తన పేరు మాత్రం బయటపెట్టవద్దని కోరిన మిత్రునికి ఈ నాలుగు మాటలు బహిరంగంగా చెప్పుకోవడం నా విధి.

గెలీలియో కన్నుమూసిన 1642లోనే న్యూటన్ పుట్టాడన్న ప్రసిద్ధమైన మాటను నేను ఎంచుకున్న రోజున, దానిని కొట్టివేయకుండా పక్కనే మీరు రాసి పంపిన వివరణ అసలు విశేషం కంటే రుచిగా ఉంది. ఇంగ్లండులో అప్పటికింకా కొన్ని రోజులు వెనకబడి ఉండే పాత జూలియన్ క్యాలెండరే నడుస్తున్నందువల్ల న్యూటన్ జననం 1642 డిసెంబరు 25గా నమోదైందనీ, గెలీలియో మరణించిన 1642 జనవరి 8 మాత్రం ఇటలీలో అమలులో ఉన్న, నేడు మనం వాడే గ్రెగోరియన్ లెక్క అనీ, రెండింటినీ ఆ లెక్కలోకే తెస్తే న్యూటన్ పుట్టినరోజు 1643 జనవరి 4 అవుతుందనీ విడమరిచారు. 1752లో ఇంగ్లండు క్యాలెండరు మార్చుకున్నప్పుడు సెప్టెంబరు 2కు మరునాడే 14వ తేదీ వచ్చిందన్న సంగతిని చివర జోడించారు. పాఠకులు ఎక్కువగా ముచ్చటించుకున్నది దాని గురించే.

నా చమత్కారాల మీద మాత్రం మీకు బొత్తిగా దయ లేదు. సొంత ఊసుల జోలికి మీరు ఎన్నడూ రాలేదు. ఆ సంయమనానికీ, ప్రతిఫలం ఆశించని మీ శ్రమకూ హృదయపూర్వక ధన్యవాదాలు.