‘సాధారణం’ అంటే ఎప్పటి సాధారణం? కేంద్ర మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర భూవిజ్ఞాన శాస్త్రాల శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. నేను పల్నాడులో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైనవాడిని. మా వైపు ఎండల సంగతి చెప్పాలంటే రెంటచింతల పేరు చాలు. వేసవిలో పత్రిక తెరిస్తే ‘సాధారణం కంటే 3 డిగ్రీలు అధికం’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. ఆ సాధారణం ఎప్పటిదన్న సందేహమే నా చేత ఈ లేఖ రాయిస్తోంది.

వాకబు చేస్తే అది దీర్ఘకాల సగటు అనీ, ఉష్ణోగ్రతలకైతే మామూలుగా 30 ఏళ్లదనీ, ఆ 30 ఏళ్లు కూడా అప్పుడప్పుడు ముందుకు జరుగుతుంటాయనీ తెలిసింది. నైరుతి వానలనే చూడండి, వాటికి 50 ఏళ్ల సగటు తీస్తారు: 1961–2010 లెక్కన దేశానికి 88 సెంటీమీటర్లుగా ఉన్న సగటు, 2022లో 1971–2020 లెక్కకు మారగానే 87 అయింది. ఇలా మార్చడం తప్పని నేననను, అది శాస్త్ర పద్ధతే. అయితే ఎండల విషయంలో సగటే పైకి జరుగుతూ పోతే, ‘ఎండలు సాధారణమే’ అన్న వార్త చదివిన రైతుకు తన తాతగారి నాటి వేసవితో తేడా ఎలా తెలుస్తుంది?

మీ శాఖ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం 1901–2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. ఆ మాట చెబితే మా అరుగు మీది మిత్రుడొకాయన, ‘ఓస్, ఇంతేనా మాస్టారూ! పొద్దుటికీ మధ్యాహ్నానికీ పది డిగ్రీలు మారట్లేదూ?’ అన్నారు. ఒక పిల్లవాడికి పది మార్కులు పెరగడం వేరు, జిల్లా సగటే ఒక మార్కు పెరగడం వేరని, అప్పుడు తొంభై దాటేవాళ్ల లెక్కే మారిపోతుందని నా భాషలో చెప్పాను. ఈ పెరుగుదలకు ప్రధాన కారణం మనుషుల వల్ల గాలిలో చేరిన, వేడిని పట్టి ఉంచే కార్బన్ డయాక్సైడ్ వంటి హరితగృహ వాయువులేననీ, గాలిలోని పొగ, ధూళి కణాలు, భూవినియోగంలో మార్పులు ఆ వేడిని కొంత కప్పిపుచ్చాయనీ కూడా ఆ నివేదికలో ఉంది. ఆ వాక్యాన్ని నేను మూడుసార్లు చదువుకున్నాను.

హవాయిలోని మౌనా లోవా కొండ మీద 1958లో కొలత మొదలైనప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకు సుమారు 315. ఇప్పుడది 420 దాటింది. ఆ అంకెలన్నీ ఇంట్లో కూర్చుని ఫోనులో చూసుకోగలిగాను. మా దగ్గరి వాతావరణ కేంద్రం పాత లెక్కల కోసం ఒక కార్యాలయానికి వెళితే మాత్రం, ‘పీహెచ్‌డీ చేస్తున్నారా అండీ?’ అని అడిగి పంపించారు.

నా వైపు పొరపాటూ ఒప్పుకోవాలి. ఎండ తగిలే బడి గోడకు థర్మామీటరు వేలాడదీసి చాలా ఏళ్లు పిల్లల చేత అంకెలు రాయించాను. నేలకు నాలుగడుగుల ఎత్తున, రెక్కల తలుపులున్న తెల్లని చెక్కపెట్టెలో, నీడలో కొలవాలని తర్వాత గాని తెలియలేదు.

అందుచేత, ప్రతి పాత వాతావరణ కేంద్రంలోని నెలవారీ సగటులను తొలి సంవత్సరం నుంచీ తెలుగులో అందరికీ అందుబాటులో ఉంచవలసిందనీ, ఏ 30 ఏళ్లతో పోల్చారో ప్రతి ప్రకటనలో పేర్కొనవలసిందనీ, పరికరం మారినా, కేంద్రం చోటు మారినా, చుట్టూ భవనాలు లేచినా ఆ సంగతి కూడా పక్కనే రాయవలసిందనీ మనవి. మా బడి పిల్లలు ఈ ఏడు చెక్కపెట్టె చేయించుకున్నారు. దాని పక్కన గోడకు అంటించడానికి వాళ్లకు ఆ పాత అంకెలు కావాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
పల్నాడు జిల్లా